గాలంటే పడని ఒబ్రెన్

మా పాంచెవో ఊళ్ళో గాలికి భయపడని మనిషి లేడు గానీ, ఆ భయాన్నే బతుకుతెరువు చేసుకున్నవాడు మాత్రం ఒబ్రెన్ ఒక్కడే. అతను కిటికీల మేస్త్రి. పాత చెక్క కిటికీలు పీకి కొత్తవి బిగిస్తాడు, సందుల్లో గట్టిపడే నురుగు కొడతాడు, అంచులకు రబ్బరు పట్టీలు అతికిస్తాడు. పని అయ్యాక కొవ్వొత్తి వెలిగించి కిటికీ చుట్టూ మెల్లగా తిప్పుతాడు. మంట ఏమాత్రం వణికినా మళ్ళీ మొదటికి వస్తాడు. ‘చాలు మేస్త్రీ, కాఫీ చల్లారిపోతోంది’ అని ఇంటివాళ్ళు మొత్తుకున్నా వినడు. అతను బిగించిన గదిలో ఉల్లిపాయలు వేయిస్తే ఆ వాసన మళ్ళీ పండగదాకా పోదని ఊళ్ళో చెప్పుకుంటారు. దాన్ని అతను పొగడ్త కిందే జమ కట్టుకుంటాడు.

ఒక సందులోంచి దూరి ఇంకో సందులోంచి పోయే గాలిని మేము ప్రొమాయా అంటాం. ఎదురుగా వచ్చే గాలితో మాకు పేచీ లేదు, అది చెప్పి కొడుతుంది. ప్రొమాయా దొంగది. మెడ పట్టేసినా, పన్ను సలిపినా, నడుము విరిగినట్టున్నా, పిల్లవాడు లెక్కల పరీక్ష తప్పినా దాని పనే. ఒబ్రెన్ మేనమామ ఒకాయన ఎండాకాలంలో రైలు కిటికీ పక్కన కూర్చుని, దిగేసరికి మూతి ఒక పక్కకు తిరిగి ఉన్నాడు. ఆయన రోజూ పొద్దున్నే రకియా సారాతో పుక్కిలించి, దాన్ని ఉమ్మకుండా మింగే మనిషన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. తప్పంతా రైలు కిటికీ మీదే పడింది. చిన్నప్పుడు ఆ మూతి చూసి జడుసుకున్న ఒబ్రెన్, పెద్దయ్యాక నడి వేసవిలో కూడా చొక్కా కింద బనీను, మెడకు రుమాలు లేకుండా గడప దాటింది లేదు. బస్సులో ఎవరైనా కిటికీ తెరిస్తే లేచి వెళ్ళి మూసి వచ్చేవాడు. బస్సంతా చెమటతో ఉడికిపోతూ కూడా, పోనీలే పెద్దమనిషి, అందరి మంచీ చూస్తాడు అని మెచ్చుకునేది.

అలాంటివాడికి దేవుడు రుజిత్సాని జత చేశాడు. ఆమె బురెక్ రొట్టెలు కాల్చి అమ్మే దుకాణంలో పొయ్యి దగ్గర పని చేస్తుంది. తెల్లవారుజాము నుంచి ఆ సెగలో ఉడికి ఇంటికి రాగానే ముందు కిటికీ తెరుస్తుంది, తర్వాతే బూట్లు విప్పుతుంది. ఆమె తెరవడం, అతను మూయడం. పెళ్ళయిన ఏడాదికే ఆ కిటికీ పిడి ఊడి చేతికొచ్చింది. కిటికీల మేస్త్రి ఇంటి కిటికీకి పిడి లేదని ఊరంతా నవ్వింది.

“నేను చేసుకుంది మొగుణ్ణా, ఊరగాయ జాడీనా? ఎప్పుడు చూడు మూతే!” అనేది రుజిత్సా.

“ఊరగాయ ఎందుకు చెడిపోదో ఆలోచించావా ఎప్పుడైనా?” అనేవాడు ఒబ్రెన్. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం.

చాలా ఏళ్ళు వాళ్ళకు పిల్లలు కలగలేదు. దానికి కారణం కూడా ఆ తెరిచిన కిటికీలేనని ఒబ్రెన్ తల్లి వుకొసావా కోడలి మొహం మీదే అనేది. చివరికి రుజిత్సా కడుపుతో ఉందని తెలిసిన రోజున ఒబ్రెన్ ఇంట్లో తాళంచెవి రంధ్రాలన్నిట్లోనూ దూది కుక్కాడు. ఆ సాయంత్రం పని నుంచి వచ్చి, తాళం తీయలేక, వాకిట్లో నిలబడి ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయడానికి వీల్లేదు.

మార్చిలో కోషవ గాలి మొదలైంది. అది లేచిందంటే ఇక దాని ఇష్టం, ఎన్నాళ్ళు ఊదాలనుకుంటే అన్నాళ్ళు ఊదుతుంది, ఇళ్ళమీది పెంకులు, తీగలమీది బట్టలు పక్క పేటలో వెతుక్కోవాలి. ఆ గాలిలోనే, ఏడో నెల నిండీ నిండకుండానే, రుజిత్సాకి నొప్పులొచ్చాయి. ఆసుపత్రి గుమ్మం దాకా ఒబ్రెన్ ఆమెను తన కోటులో చుట్టి తీసుకెళ్ళాడు. అక్కడినుంచి మొగవాళ్ళకి ప్రవేశం లేదు.

ఫోన్లు లేవా అంటారేమో. ఉన్నాయి. కానీ మా ఊళ్ళో తండ్రయినవాడు ప్రసూతి వార్డు కిటికీ కింద నిలబడి, మెడ సాచి, ఊరందరికీ వినపడేలా అరవకపోతే తండ్రయినట్టు లెక్కలోకి రాదు. ఆ రోజు ఒబ్రెన్ పక్కన ఇంకో తండ్రి కూడా ఉన్నాడు. బాకాలూదే బ్యాండువాళ్ళని వెంటబెట్టుకుని వచ్చాడు, కూతురు పుట్టిందని గంతులేస్తున్నాడు. వాళ్ళు ఊదుతున్నారు, పై నుంచి కోషవ ఊదుతోంది. మూడో అంతస్తు కిటికీలో రుజిత్సా మొహం కనబడింది.

“రుజీ! ఎలా ఉన్నాడే?”

ఆమె కిటికీ రెక్క తెరిచింది. “వాడు ఏడవలేదు!”

“ఏంటీ?”

“ఏడవలేదు ఒబ్రెన్! పుట్టగానే నీలంగా ఉన్నాడు! నాకు చూపించకుండానే ఎత్తుకుపోయారు!”

“ముందు ఆ కిటికీ మూసెయ్! పచ్చి బాలింతవి!”

“మూస్తే నీకెట్లా వినపడుద్ది, నీ మొహం!”

బాకాలవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఊదడం మానేశారు. ఆ రెండో తండ్రి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అంతవరకూ ఒబ్రెన్‌కి విషయం పూర్తిగా తలకెక్కలేదు, వాళ్ళు ఊదడం ఆపాకే ఎక్కింది.

పిల్లల డాక్టరు ఇసిదోరా కిందికి వచ్చి కలిసింది. వయసులో చిన్నది, కళ్ళకింద నిద్రలేని నలుపు. మెట్ల దగ్గరే నిలబెట్టి మాట్లాడింది.

“మీవాడి ఊపిరితిత్తులు ఇంకా పండలేదండీ. లోపల తడి ప్లాస్టిక్ సంచుల్లా అతుక్కుపోతున్నాయి. అతుక్కోకుండా మందు పోశాం. గొంతులో సన్నటి గొట్టం వేసి మిషనుతో గాలి పంపిస్తున్నాం.”

“గాలా డాక్టరమ్మా?”

“గాలే.”

“లోపలికి కొడతారా?”

“మెల్లగా. వెచ్చజేసి, తడి చేసి పంపిస్తాం.”

“మరి అది బయటికి ఎటు పోద్ది?”

ఇసిదోరాకి ఆ ప్రశ్న ఎందుకో అర్థం కాలేదు. “వచ్చిన దారినే పోతుంది.”

ఒబ్రెన్ కాస్త కుదుటపడ్డాడు. వచ్చిన దారినే పోయే గాలి ప్రొమాయా కాదు, శాస్త్రం ఒప్పుకోదు. “మరి ఏడవట్లేదంట కదా?”

“గొట్టం ఉండగా గొంతు పలకదండీ. నోరు తెరుస్తాడు, మొహం ఎర్రగా చేస్తాడు, శబ్దం మాత్రం రాదు. వాడంతట వాడు ఊపిరి తీసుకోగలిగిన రోజున గొట్టం తీసేస్తాం. ఆ రోజు వాడి ఏడుపు వింటారు చూడండి, అప్పుడు మనందరం ఊపిరి పీల్చుకోవచ్చు.”

“ఎప్పుడు?”

“వాడు చెప్పాలి.” ఆమె తెల్లకోటు కాలరు పైకి లాక్కుంది. “అబ్బ, మీ వెనకున్న తలుపు కాస్త మూస్తారా? మెడకి కొడుతోంది.”

ఆ మాటతో ఒబ్రెన్‌కి ఆ డాక్టరు మీద కొండంత నమ్మకం కుదిరింది.

కొన్నాళ్ళకి తండ్రుల్ని కూడా కాసేపు లోపలికి రానిచ్చారు. పెద్ద నర్సు స్తామెంకా అతని చేతులు మోచేతుల దాకా కడిగించి, గౌను తొడిగి, నెత్తికి టోపీ పెట్టింది. ఆమె నోరు పెద్దది, చెయ్యి మెత్తన. లోపల వరసగా గాజు పెట్టెలు. ఒక పెట్టెలో రుజిత్సా వేలు పట్టుకుని పడుకున్న ఎర్రటి పిడికెడు ప్రాణిని చూపించి “నీదే” అంది.

ఒబ్రెన్ ముందు పెట్టెను చూశాడు. అతను చెడ్డవాడు కాదు, పిల్లవాణ్ణి చూడటానికి ధైర్యం చాలలేదంతే. నాలుగు వైపులా గాజు, మూలల్లో వెంట్రుక దూరే సందు లేదు, మూత కింద మెత్తటి పట్టీ. వేలితో అంచు తడిమి “పనితనమంటే ఇదీ” అన్నాడు మనస్ఫూర్తిగా. ఆ తర్వాత పక్కనున్న గుండ్రటి కంతలు కనిపించాయి. రుజిత్సా చెయ్యి వాటిలో ఒకదానిలోంచే లోపలికి వెళ్ళింది.

“ఇవెందుకు సిస్టర్? ఇటూ ఒకటి, అటూ ఒకటి! ఎదురెదురుగా!”

“నీ కొడుకుని ముట్టుకోవడానికయ్యా మహానుభావా. రెండోది కూడా తెరుస్తాను, చెయ్యి పెట్టు.”

“వద్దొద్దు. ఒకటి మూశాక రెండోది తెరవండి.”

స్తామెంకా రుజిత్సా వైపు చూసింది. రుజిత్సా కళ్ళు మూసుకుని “అలాగే కానివ్వు సిస్టర్, లేకపోతే మనల్ని బతకనివ్వడు” అంది. ఆమె చెయ్యి తీసింది, అతను చెయ్యి పెట్టాడు. అప్పుడు పిల్లవాణ్ణి చూశాడు. మిషను టకటకమన్నప్పుడల్లా ఆ గుప్పెడు రొమ్ము లేస్తోంది, దిగుతోంది. పిల్లవాడు మొహం ముడుచుకుని నోరు బార్లా తెరిచాడు. ఏడుస్తున్నాడు. ఎంత ఏడ్చినా చప్పుడు లేదు. ఒబ్రెన్ తన జీవితంలో చప్పుడు రాకుండా ఎన్నో గదులు బిగించాడు, ఆ పని మీద అసహ్యం కలగడం అదే మొదటిసారి.

ఇంటి దగ్గర వుకొసావా ఊరికే కూర్చోలేదు. అరచేతిలో పట్టేంత ఉన్ని బనీను అల్లింది. కాగితానికి పంది కొవ్వు రాసి, పిల్లవాడి రొమ్ముకు వేయమని పంపింది. స్తామెంకా దాన్ని అలాగే తిప్పి పంపింది. రకియాలో తడిపిన మేజోళ్ళు పంపింది. అవి తిరిగి రాలేదు, వార్డులో ఎవరికో జలుబు చేసి ఉంటుంది. నర్సు తీసి పంపిన మనవడి ఫొటో ఒబ్రెన్ ఫోన్లో చూపిస్తే నేలమీద తుపుక్కుమని మూడుసార్లు ఉమ్మి “అబ్బే, ఏం అందం వీడిది! కాకిపిల్ల నయం. ఇంత వికారపు పిల్లాణ్ణి మా వంశంలో చూళ్ళేదు” అంది. ముద్దొచ్చిన పిల్లాణ్ణి ముద్దుగా ఉన్నాడంటే దిష్టి తగలదూ? అని కళ్ళు తుడుచుకుని ఆ ఫొటోని ముద్దు పెట్టుకుంది.

పేరు కూడా ఆమే పెట్టింది. బతుకుతాడో లేదో అన్న పిల్లలకి మావాళ్ళు వుక్ అని పేరు పెడతారు. వుక్ అంటే తోడేలు. దయ్యాలూ దుష్టశక్తులూ దగ్గరికి రావు. ఆ వుక్ తన పేరు మొదట్లోనే దాక్కుని ఉందన్నది వుకొసావాకి తట్టనే లేదట. “మీ అమ్మ దయ్యాలకన్నా నాలుగాకులు ఎక్కువే చదివింది” అంది రుజిత్సా ఫోన్లో. అయినా ఒప్పుకుంది, అలాంటప్పుడు ఏ ఆసరా వదులుకోబుద్ధి కాదు.

ఒకరోజు పొద్దున గొట్టం తీసి చూశారు. వుక్ కాసేపు తంటాలు పడ్డాడు. పక్కటెముకలు లోపలికి పీక్కుపోయాయి, గొంతులోంచి చిన్న గురక తప్ప ఏమీ రాలేదు. ఏడవడానికి కూడా బలం చాలక మళ్ళీ నీలంగా మారుతుంటే గొట్టం తిరిగి వేశారు. “అలిసిపోయాడు. ఇలా అవుతుందండీ, మళ్ళీ ప్రయత్నిద్దాం” అంది ఇసిదోరా.

ఊరికే ఎలా అలిసిపోతాడు? ఒబ్రెన్ బుర్రలో పురుగు తొలిచింది. ఆ సాయంత్రం లోపలికి వెళ్ళడానికి చేతులు కడుక్కుంటుంటే టోపీకి కిందా రుమాలుకి పైనా, సరిగ్గా మెడమీద, చల్లటి వేలు పెట్టినట్టయింది. తలెత్తి చూశాడు. పిల్లల గదికి పోయే తలుపు పైన ఇనప జాలీ. చెయ్యి ఎత్తి పట్టుకున్నాడు, గాలి! పిల్లల గది లోంచి ఇటు వస్తోంది, ఇక్కడినుంచి తలుపు సందులోంచి వరండాలోకి పోతోంది. దూరే దారొకటి, పోయే దారొకటి. ఇన్నాళ్ళూ దీన్ని కళ్ళెదుట పెట్టుకుని, పిల్లవాడు అలిసిపోయాడంటారా! గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అన్నట్టుంది వీళ్ళ వైద్యం అనుకున్నాడు. మేస్త్రి జేబులో వెండిరంగు టేపు లేకుండా ఉండదు. స్టూలు ఎక్కాడు, జాలీని ఒకదానిమీద ఒకటిగా పట్టీలేసి మూసేశాడు, బొటనవేలితో అంచులు నొక్కాడు. కొవ్వొత్తి ఒక్కటే తక్కువ.

గుమ్మం పక్కన ఎర్రదీపం వెలిగింది, ఏదో కూతపెట్టింది. స్తామెంకా పరుగెత్తుకుంటూ వచ్చి స్టూలు మీదున్న మనిషిని చూసి నడుమున చేతులు పెట్టుకుంది.

“ఏమయ్యా! ఏం చేస్తున్నావక్కడ?”

“ప్రొమాయా సిస్టర్. దొరికింది.”

“దొరికిందా? నువ్వే దొరికావు నాకు! అది వడగట్టిన గాలయ్యా! లోపలి నుంచి బయటికి తోస్తుంటేనే మన రోగాలు పిల్లల దగ్గరికి పోకుండా ఉంటాయి! దాన్ని మూసేశావా నీ చేతులు పడిపోను!”

పిల్లలకేమీ కాలేదు. కానీ టేపు ఊడబీకడానికి ఇద్దరు మనుషులు పట్టారు, పని మాత్రం గట్టిగా చేశాడని అందులో ఒకడు అన్నాడట. ఇసిదోరా గొంతు పెంచకుండా, తాను మళ్ళీ చెప్పేదాకా మీరు లోపలికి రావొద్దండీ అంది. ఆమె కేకలేసి ఉంటే బాగుండునని ఒబ్రెన్‌కి అనిపించింది.

మర్నాడు కిటికీ కింద నిలబడ్డాడు. రుజిత్సా రెక్క తెరిచింది, ఈసారి రెండు చేతులతో.

“జాలీ మూశావా? పిల్లల గది జాలీ మూశావా?”

“మెడకి కొడుతోందే! కావాలంటే నువ్వే నిలబడి చూడు!”

“వాడికి కావలసింది గాలి! గాలి రా దేవుడా! దానికోసం వాడు పక్కటెముకలు ఎగరేసుకుంటుంటే నువ్వు దాన్ని మూస్తున్నావా?”

ఆ మాటలకి మిగిలిన కిటికీల్లో తలలు మొలిచాయి. “అమ్మాయి చెప్పింది కరెక్టే!” అంది రెండో అంతస్తులో ఒక బాలింత. “ఏం కరెక్టు? మేస్త్రి అన్నదీ నిజమే, ఆ జాలీ కింద నిలబడి నా మెడ పట్టేసింది!” అంది ఇంకో కిటికీలో నేల తుడిచే ఆవిడ. ఆసుపత్రి రెండు పార్టీలైంది. కాసేపు ఒబ్రెన్ గోడు వదిలేసి వాళ్ళలో వాళ్ళే వాదించుకున్నారు. చివరికి రుజిత్సా గొంతు తగ్గించింది. తగ్గిస్తే కోషవలో కిందికి వినపడదని గుర్తొచ్చి మళ్ళీ పెంచింది.

“కన్నాను గానీ వాడి గొంతెలా ఉంటుందో నాకు తెలీదు ఒబ్రెన్!”

“నాకు భయంగా ఉందే!”

“ఏంటీ? వినపళ్ళేదు!”

“భయంగా ఉంది!” అని చేతులు రెండూ నోటి చుట్టూ పెట్టుకుని అరిచాడు. ఆసుపత్రంతా విన్నది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను ఆమెతో అన్న ఒకే ఒక్క నిజం అదేనని రుజిత్సా తర్వాత చెప్పింది.

“నాకూనూ!” అని ఆమె కూడా పైనుంచి అరిచింది. అప్పుడు మాత్రం కిటికీ మూసేయమని అతను అనలేదు. చివరికి స్తామెంకా వచ్చి, బాలింతలకి ఇంత గాలి పనికిరాదని గొణుగుతూ రెక్క వేసేసింది.

లోపలికి రానివ్వని ఆ రోజుల్లో ఒబ్రెన్ పనికి పోలేదు. ఒక మధ్యాహ్నం మంచం అంచున కూర్చుని, కొడుక్కి ఎలా ఉంటుందో చూద్దామని ముక్కూ నోరూ గట్టిగా మూసుకున్నాడు. మొహం బీట్‌రూట్ రంగుకొచ్చింది, కళ్ళు పైకి పోయాయి. సూప్ గిన్నె పట్టుకుని వచ్చిన వుకొసావా కొడుకుని ఆ అవతారంలో చూసి “ఒరేయ్, నీకేం పోయేకాలంరా!” అని చెంప మీద ఒకటిచ్చింది. ఊపిరందక ఒబ్రెన్ లేచి, కిటికీ దగ్గరికి పడుతూ లేస్తూ వెళ్ళి, పిడి లేని రెక్కని స్క్రూడ్రైవర్‌తో తెరిచి, నోరంతా తెరిచి గాలి తాగాడు. ఎంత తియ్యగా ఉందో! వుకొసావా వెనకాల ఉన్న తలుపు కూడా తెరిచే ఉంది. గాలి అటునుంచి ఇటు ఇంట్లోంచి దూసుకుపోయి బల్లమీది గుడ్డను ఎగరేసింది. “ప్రొమాయా! ప్రొమాయా!” అని వుకొసావా గిన్నెతో సహా గోడకి అతుక్కుపోయింది. కడుపు నిండాక గానీ ఒబ్రెన్ కిటికీ మూయలేదు. మూశాక, ఇలా తెరిచినట్టు ఎవరికీ చెప్పొద్దమ్మా అని బతిమాలాడు. ఆవిడ ఊరంతా చెప్పింది, అందుకే మనకీ తెలిసింది.

ఆ వారంలోనే ఒక పొద్దున ఫోను మోగింది. రుజిత్సా పరుగెత్తి వచ్చినట్టు రొప్పుతోంది.

“తీసేశారు! మళ్ళీ వెయ్యలేదు! ఒబ్రెన్, ఏడుస్తున్నాడు!”

“వినిపించు!”

“ఫోను లోపలికి రానివ్వరయ్యా! నేను వరండాలో ఉన్నా. పోతున్నా, పోతున్నా వాడి దగ్గరికి!” అని పెట్టేసింది.

ఒబ్రెన్ గెడ్డం గీసుకుంటున్నాడు. సగం మొహం నురుగుతో, బనీను మీద, రుమాలు లేకుండా, తడి తలతో రోడ్డు మీద పడ్డాడు. తడి తలతో కోషవలోకి వెళ్ళినవాడు మళ్ళీ మనకి దక్కడని మా తల్లులందరూ చెప్పే మాట. దారిలో చూసినవాళ్ళు ఇతను ఒబ్రెన్ కాదు, అతని పోలికున్న ఎవరో పిచ్చివాడు అనుకున్నారు. ఆసుపత్రి మెట్లు రెండేసి ఎక్కి, చెమటతో తడిసి, పిల్లల గది ముందు స్తామెంకాని గుద్దుకున్నాడు.

“నిన్ను రానివ్వొద్దని చెప్పారు” అంది ఆమె.

“రాను సిస్టర్. లోపలికి రాను. ఒక్కసారి వినబడితే చాలు. ఇక్కడే నిలబడతాను, ఏదీ ముట్టుకోను, చేతులు కావాలంటే కట్టెయ్యండి.”

స్తామెంకా ఆ నురుగు మొహాన్ని కాసేపు చూసింది. ఏమనుకుందో, నోటికి అడ్డం గుడ్డ ఒకటి చేతిలో పెట్టి, కట్టుకోమని, తుంటితో తలుపు బార్లా తోసి పట్టుకుంది. లోపలి నుంచి గాలి ఒక్క ఊపున వచ్చి అతని తడి మెడకీ చెమట బనీనుకీ తగిలి, వెనక వరండా కిటికీలోంచి పోయింది.

“ఎవరది తలుపు తీసింది? ప్రొమాయా!” అని లోపల ఇసిదోరా కేక పెట్టింది.

ఒబ్రెన్ కదల్లేదు. లోపల మూలనున్న పెట్టె దగ్గర నుంచి ఒక శబ్దం వస్తోంది. నూనె లేని తలుపు బందు కిర్రుమన్నట్టు, సన్నగా, కోపంగా ఉంది. కిర్రుమని, ఆగిపోతుంది. ఆగినప్పుడల్లా ఒబ్రెన్ ప్రాణం కూడా ఆగుతోంది. ఆ ఆగిన చోట వాడు గాలి తీసుకుంటాడు, ఎవరూ ఊదకుండా, ఏ మిషనూ టకటకమనకుండా, వాడంతట వాడే. తీసుకుని మళ్ళీ కిర్రుమంటాడు. రుజిత్సా రెండు చేతులూ రెండు కంతల్లోంచి లోపలికి పెట్టి, కన్నీళ్ళు కారిపోతుంటే, వాడి వీపు తడుతూ “షూ షూ, నా బంగారు తోడేలూ, ఊరుకో, ఊరుకో” అంటోంది.

“రుజీ!” అని పిలిచాడు ఒబ్రెన్ గుమ్మంలోంచి.

ఆమె తల తిప్పి, సగం గెడ్డంతో గాలికి ఎదురుగా నిలబడి ఉన్న మొగుణ్ణి చూసింది.

“వాణ్ణి ఊరుకోబెట్టకే” అన్నాడు అతను. “ఇంకొంచెం ఏడవనీ.”

రుజిత్సా తట్టడం ఆపి, చేతులు అలాగే ఉంచింది. వాడు ఇంకా గట్టిగా ఏడ్చాడు.